ఆ మాట గగారిన్ అనలేదు



ఈ వారం ఈ శీర్షికను ఒక క్షమాపణతో ప్రారంభిస్తున్నాను. ఆ క్షమాపణ అందుకోవలసిన మనిషి చనిపోయి యాభై ఏళ్ళు దాటింది. ఆయన మన దేశస్థుడు కాడు, మన సభకు చెందినవాడూ కాడు. 1961 ఏప్రిల్ 12న మానవులందరిలోకీ మొదటగా అంతరిక్షంలోకి వెళ్ళి, భూమిని ఒక చుట్టు చుట్టి, ప్రాణాలతో తిరిగి వచ్చిన రష్యా పైలట్ యూరీ గగారిన్. ఆయన మీద నేను చాలా ఏళ్ళపాటు, అదీ దేవుని పీఠం దగ్గర నిలబడి, ఒక అబద్ధం చెప్పాను. తెలిసి చెప్పలేదు. అయినా చెప్పాను.

నా ఈడు వారికి గగారిన్ పేరు చిన్ననాటి నుంచీ తెలుసు. మేము బడికి వెళ్ళే రోజుల్లో 'సోవియట్ భూమి' అనే పత్రిక తెలుగులో వచ్చేది. దాని కాగితం నున్నగా, దళసరిగా ఉండేది. పెద్దవాళ్ళు చదివినా చదవకపోయినా, పిల్లలం మాత్రం పుస్తకాలకు అట్టలు వేసుకోవటానికి దాని కోసం కాచుకుని ఉండేవాళ్ళం. నా లెక్కల నోటు పుస్తకానికి ఒక ఏడాదంతా గగారిన్ బొమ్మే అట్ట. హెల్మెట్ లోపలి నుంచి నవ్వుతున్న ముఖం. కమ్యూనిస్టు కుటుంబాలవారు కొందరు తమ పిల్లలకు ఆ పేరే పెట్టుకున్నారు కూడా.

తరువాత నేను గురువిద్యాలయంలో చేరాను, తత్వశాస్త్రం చదివాను, గురుపట్టం పొందాను. విశ్వాసాన్ని గురించి ప్రసంగించవలసి వచ్చినప్పుడల్లా ఒక కథ చెప్పేవాడిని. గగారిన్ ఆకాశంలోకి వెళ్ళి, చుట్టూ చూసి వచ్చి, అక్కడ తనకు దేవుడు ఎక్కడా కనబడలేదని చెప్పాడట. ఆ నౌక తలుపు తీసుకుని ఒక్క అడుగు బయట పెట్టి ఉంటే తప్పక కనబడేవాడని నా జవాబు. జనం నవ్వేవారు. నాకూ సంతోషంగా ఉండేది. సత్యోపదేశం తరగతుల్లో, యువజనుల ధ్యానకూటాల్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఒక ఆదివారం పూజ ముగిసిన తరువాత మా విచారణలోని ఒక పెద్దాయన, రిటైరయిన సైన్సు మాష్టారు, నా దగ్గరకు వచ్చారు. గగారిన్ ఆ మాట అన్నట్టు ఏ పుస్తకంలో చదివారు ఫాదర్ అని నెమ్మదిగా అడిగారు. అందరూ చెప్పేదే కదా మాష్టారూ అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. కాని నా జవాబు నన్నే గుచ్చింది. అందరూ చెప్పినంత మాత్రాన ఏదీ సత్యమైపోదని తర్కశాస్త్రంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం. ఆ పాఠం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గాని, పీఠం దగ్గర మరచిపోయాను. ఆ రోజునుంచి గగారిన్ జీవితాన్ని గురించి దొరికినంత చదివాను. చదివింది మీతో చెప్పటం నా బాకీ.

వడ్రంగి కొడుకు

యూరీ గగారిన్ 1934 మార్చి 9న, మాస్కోకు పడమరగా స్మొలెన్‌స్క్ ప్రాంతంలో, క్లూషినో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి అలెక్సేయ్ వడ్రంగి. తల్లి అన్నా సమష్టి వ్యవసాయ క్షేత్రంలో పాడి పశువుల దగ్గర పనిచేసేది. నలుగురు పిల్లల్లో యూరీ మూడవవాడు. 1941 సెప్టెంబరులో అతడు బడిలో చేరాడు. అప్పటికే జర్మనీ సైన్యాలు రష్యాలో చొరబడి ఆ పల్లె వైపు వస్తున్నాయి.

ఆ రోజుల్లోనే ఒక సంఘటన జరిగింది. ఆకాశంలో పోరాడి దెబ్బతిన్న ఒక రష్యా యుద్ధవిమానం ఊరి పక్కనున్న బురదనేలలో కూలింది. పైలట్ ప్రాణాలతో బయటపడ్డాడు. కాసేపటికి మరొక చిన్న విమానం ఆ దగ్గరే పచ్చికలో దిగింది. పడిపోయిన తోటివాడిని వదిలి వెళ్ళటం ఇష్టంలేక, శత్రువు ఎంత దగ్గరలో ఉన్నాడో తెలిసి కూడా, రెండవ పైలట్ కిందికి దిగాడు. ఆ రాత్రి ఇద్దరూ ఆ విమానం దగ్గరే గడిపారు. ఊరి పిల్లలు నిద్రమాని వాళ్ళ చుట్టూ కూర్చున్నారు. వారిలో ఏడేళ్ళ యూరీ కూడా ఉన్నాడు. తెల్లవారాక పాడైన విమానాన్ని తగులబెట్టి, ఇద్దరూ రెండవదానిలో ఎగిరి వెళ్ళిపోయారు. తనకు విమానాల మీద కోరిక ఎక్కడ మొదలయిందని అడిగితే గగారిన్ ఆ రాత్రినే గుర్తుచేసుకునేవాడు.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ పసివాడి మనసుకు పట్టింది విమానం ఒక్కటే కాదు. పడ్డవాడి కోసం మరొకడు దిగి రావటం కూడా. ధైర్యాన్ని గురించి మనం పిల్లలకు ఎంత ఉపన్యసించినా, వాళ్ళు నేర్చుకునేది కళ్ళారా చూసినదాన్నే. అందుకు కొన్ని గంటలు చాలు.

తరువాత జర్మను సైనికులు ఊరిని ఆక్రమించుకున్నారు. గగారిన్ కుటుంబాన్ని ఇంట్లోనుంచి వెళ్ళగొట్టి ఆ ఇంట్లో వాళ్ళు కాపురం పెట్టారు. తండ్రి పెరట్లో నేల తవ్వి, పైన కర్రలూ మట్టీ కప్పి ఒక గుంట ఇల్లు కట్టాడు. ఆరుగురు మనుషులు ఆ మట్టిగుంటలో రష్యా చలికాలాన్ని గడిపారు. చిన్నవాడైన బొరీస్‌ను ఒక సైనికుడు, వాడి మెడకున్న గుడ్డతోనే ఆపిల్ చెట్టు కొమ్మకు వేలాడదీశాడు. తల్లి పరుగున వచ్చి దించకపోతే ఆ పసివాడు దక్కేవాడు కాడు. 1943లో జర్మనులు వెనుకకు మళ్ళుతూ పెద్దపిల్లలైన వలెంతీన్‌ను, జోయాను వెట్టిచాకిరికి పట్టుకుపోయారు. వాళ్ళిద్దరూ యుద్ధం ముగిశాకగాని ఇంటికి తిరిగి రాలేదు. అన్నిటికీ సాక్షి ఆ ఇంటి వడ్రంగి కొడుకు.

ఇటుక మీద ఇటుక

యుద్ధం తరువాత కుటుంబం దగ్గరలోని గ్జాత్స్క్ పట్టణానికి మారింది. తండ్రి పాత ఇంటి దూలాలు విప్పి తెచ్చి అక్కడ మళ్ళీ ఇల్లు నిలబెట్టాడు. ఆ ఊరి బడిలో భౌతికశాస్త్రం చెప్పిన బెస్పాలొవ్ మాష్టారు యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేసినవాడు. యుద్ధం ముగిసిన తరువాత ఇలాంటి మనుషులు ఎందరో పల్లె బడుల్లో, కర్మాగారాల్లో మామూలు పనుల్లో కుదురుకున్నారు. చేసినదాన్ని గురించి పెద్దగా మాట్లాడకుండా, పిల్లలకు లెక్కలూ సైన్సూ చెప్పుకుంటూ బ్రతికారు. తమ చేతి కింద ఎవరు పెరుగుతున్నారో వాళ్ళకు మాత్రం ఏం తెలుసు?

ఇంటి పరిస్థితుల వల్ల యూరీ పై చదువుకు పోలేదు. 1949లో మాస్కో దగ్గర ల్యూబెర్త్సీ కర్మాగారంలో పోత పని నేర్చుకోవటానికి చేరాడు. కరిగిన ఇనుమును అచ్చులలో పోసే పని అది. పగలు పని, సాయంత్రం బడి. ఆ తరువాత వోల్గా నది ఒడ్డున ఉన్న సరాతొవ్‌లో పారిశ్రామిక విద్యాలయంలో చేరాడు. అక్కడి విమాన క్లబ్బులో 1955లో మొదటిసారి ఒంటరిగా విమానం నడిపాడు. ఆపైన ఒరెన్‌బుర్గ్‌లోని సైనిక పైలట్ల పాఠశాల.

అక్కడ దాదాపు అంతా చెడిపోయింది. యూరీ పొట్టివాడు. అతని ఎత్తు 157 సెంటీమీటర్లు. మిగ్-15 విమానాన్ని నేలకు దింపేటప్పుడు ముందు దృశ్యం సరిగా కనబడక, దిగటంలో పదేపదే తప్పులు చేసేవాడు. అతణ్ణి పంపించివేయాలన్న మాట కూడా వచ్చింది. చివరకు కూర్చునే చోట ఒక దిండు వేసి మళ్ళీ ప్రయత్నించమన్నారు. ఆ దిండు మీద కూర్చుని నేర్చుకున్నాడు. 1957లో పట్టా పుచ్చుకుని, వలెంతీనాను పెళ్ళి చేసుకుని, నార్వే సరిహద్దులో వారాల తరబడి చీకటి కమ్మే మంచుసీమలో యుద్ధవిమానాలు నడపటానికి వెళ్ళాడు.

1960లో సోవియట్ ప్రభుత్వం వైమానిక దళం నుంచి 20 మంది పడుచు పైలట్లను రహస్యంగా ఎంపిక చేసింది. వారికి శిక్షణ పర్యవేక్షించినది జనరల్ కమానిన్. 1934లో ఆర్కిటిక్ మంచుగడ్డల మీద చిక్కుకున్న ఓడ ప్రయాణికులను విమానంలో వెళ్ళి కాపాడినందుకు 'సోవియట్ యూనియన్ వీరుడు' బిరుదు పొందిన మొదటి ఏడుగురిలో ఆయన ఒకరు. యుద్ధంలో వైమానిక దళాలకు నాయకత్వం వహించినవాడు. ఒక తరం ధైర్యం మరొక తరానికి అందటం చూస్తున్నారా? వోస్తోక్ నౌకలో మనిషి కూర్చునే గోళం అడ్డుకొలత 2.3 మీటర్లు మాత్రమే. మిగ్‌లో లోపమనిపించిన పొట్టితనం ఇక్కడ అర్హత అయింది. మొదట ఎవరు వెళ్ళాలని తోటి పైలట్లనే అడిగినప్పుడు ఎక్కువమంది గగారిన్ పేరు చెప్పారు.

భార్యకు రాసిన ఉత్తరం

ఆ ప్రయాణం ఎంత ప్రమాదకరమో వాళ్ళకు తెలియనిది కాదు. అంతకుముందు మనుషులు లేకుండా పంపిన నౌకల్లో కొన్ని నాశనమయ్యాయి. 1960 జులైలో ఒకటి ఎగిరిన కొద్ది క్షణాలకే కూలి రెండు కుక్కలు చనిపోయాయి. డిసెంబరులో మరొకటి తిరుగు ప్రయాణంలో రెండు కుక్కలతో సహా పోయింది. 1961 మార్చి 23న, గగారిన్ ప్రయాణానికి మూడు వారాల ముందు, 20 మందిలో అందరికన్నా చిన్నవాడైన వలెంతీన్ బొందరెంకో శిక్షణలోనే చనిపోయాడు. ప్రాణవాయువు నింపిన గదిలో, స్పిరిటుతో తడిపిన దూది వేడి పెనం మీద పడి మంటలు చెలరేగాయి. అతనికి 24 ఏళ్ళు. ఆ మరణాన్ని సోవియట్ ప్రభుత్వం 1986 దాకా లోకానికి చెప్పలేదు. 1967 జనవరిలో అమెరికాలో, అదేవిధంగా ప్రాణవాయువు నిండిన అపోలో నౌకలో నేలమీదనే మంటలు లేచి గ్రిసమ్, వైట్, చాఫీ అనే ముగ్గురు కాలిపోయారు. దాచిన సత్యం ఎప్పుడూ ఊరకనే పడి ఉండదు సుమా!

మార్చి 7న గగారిన్ దంపతులకు రెండవ కూతురు పుట్టింది. ఏప్రిల్ 10న, అంటే ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఆయన భార్యకు ఒక ఉత్తరం రాశాడు. తాను తిరిగి రాకపోతేనే ఆమెకు అందాలి. యంత్రం మీద తనకు నమ్మకముందని, అయితే చదునైన నేలమీద కూడా మనిషి కాలుజారి పడి చనిపోవచ్చునని అందులో రాశాడు. దుఃఖంతో కుంగిపోవద్దని, ఆడపిల్లలిద్దరినీ గారాబంతో చెడగొట్టకుండా మంచి మనుషులుగా పెంచమని, తన తల్లిదండ్రులను మరచిపోవద్దని కోరాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోవటం, మానటం ఆమె ఇష్టమని, తన జ్ఞాపకం ఆమెను కట్టివేయకూడదని చెప్పాడు. ఇది భయమెరుగని మనిషి రాసిన ఉత్తరం కాదు. ఏం పోగొట్టుకోవచ్చునో ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుని, అయినా వెళ్ళటానికి నిశ్చయించుకున్న మనిషి రాసినది.

నాలుగు మూల సుగుణాలలో ఒకటైన ధైర్యాన్ని గురించి పునీత తోమాసు అక్వినాసు ఏం నేర్పాడో గుర్తుచేసుకోండి. ధైర్యంలో ప్రధానమైన పని మీదపడి కొట్టటం కాదు, భయం ఎదురుగా ఉన్నా చెదరక నిలిచి ఉండటం. నేను ఈ పాఠాన్ని గురువిద్యాలయంలో పుస్తకంలో చదివాను. అర్థమయింది మాత్రం ఈ ఉత్తరం సంగతి చదివిన తరువాతే.

108 నిమిషాలు

శిక్షణ రోజుల్లో మొదటిసారి నౌకలోకి ఎక్కబోతూ గగారిన్, గడప దగ్గర చెప్పులు విడిచే పల్లెటూరివాడిలాగా, కాళ్ళజోళ్ళు తీశాడని చెబుతారు. ఏప్రిల్ 12న మాస్కో కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 7 నిమిషాలకు రాకెట్టు పైకి లేచింది. నౌక అనుకున్నదానికంటే ఎత్తుకు, 327 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. దిగటానికి వాడే ఇంజను పనిచేయకపోతే, నౌక తనంతట తాను కిందికి జారేలోపు అందులోని పది రోజుల తిండి అయిపోయేదే. ఇంజను పనిచేసింది. కాని కిందికి దిగే గోళం నుంచి యంత్రాల భాగం పూర్తిగా ఊడిపోలేదు. తీగలతో వేలాడుతూ ఉండిపోయింది. సుమారు పది నిమిషాలపాటు నౌక బొంగరంలా గిర్రున తిరిగింది. కిటికీ బయట మంటలు కనబడుతున్నాయి. ఆ సమయంలో కూడా తాను చూస్తున్నదాన్ని శ్రద్ధగా గమనించి, తరువాత నివేదికలో రాశాడు.

ఏడు కిలోమీటర్ల ఎత్తున నౌకలోనుంచి బయటకు విసరబడి, పారాచూట్ మీద దిగాడు. దుస్తులలో గాలి పీల్చుకునే మర తెరుచుకోక గాలిలోనే కొన్ని నిమిషాలు పెనుగులాడాడు. చివరికి దిగిన చోటు సరాతొవ్ ప్రాంతం. ఆరేళ్ళ క్రితం తాను ఎగరటం నేర్చుకున్న వోల్గా తీరం అది. పొలంలో బంగాళాదుంపలు నాటుతున్న ఒక ముసలామె, ఆమె మనుమరాలు నారింజరంగు దుస్తుల్లో ఉన్న ఆకారాన్ని చూసి భయపడ్డారు. తాను మీవాడినేనని చెప్పి ఆయన వాళ్ళ భయం పోగొట్టాడు. మొత్తం ప్రయాణం 108 నిమిషాలని చరిత్ర పుస్తకాలు రాశాయి.

అంత ధైర్యంగా చేసిన పనికి వెంటనే ఒక అబద్ధాన్ని అంటగట్టారు. పైలట్ తన వాహనంలోనే నేలకు దిగితేగాని అంతర్జాతీయ రికార్డుగా లెక్కించరు. కాబట్టి గగారిన్ నౌకలోనే దిగాడని ప్రభుత్వం ప్రకటించింది. పత్రికలవారు అడిగినప్పుడు ఆయన తప్పించుకుంటూ మాట్లాడవలసి వచ్చింది. చాలా ఏళ్ళ తరువాతగాని నిజం బయటకు రాలేదు.

కీర్తి, గాయం

తరువాత లోకమంతా ఆయనను పిలిచింది. ఊరేగింపులు, దండలు, విందులు. ప్రతిచోటా తాగమని గ్లాసు చేతికిచ్చేవారు. 1961 అక్టోబరులో క్రిమియాలో ఒక విశ్రాంతి గృహంలో, ఒక రాత్రి తాగిన మైకంలో పైనుంచి దూకి నుదుటి ఎముక దెబ్బతిన్నది. ఎడమ కనుబొమ మీద ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. పత్రికలకు వేరే కథ చెప్పారు. ఇది దాచి చెప్పటం నాకిష్టం లేదు. అంతరిక్షాన్ని తట్టుకున్న మనిషి పొగడ్తను తట్టుకోలేక తడబడ్డాడు. మనలో ఎవరం దాన్ని తట్టుకోగలం? అయినా అక్కడే పడి ఉండలేదు. మళ్ళీ చదువుకు కూర్చుని, 1968 ఫిబ్రవరిలో వైమానిక ఇంజనీరింగు అకాడమీ పట్టా పుచ్చుకున్నాడు.

1961 నవంబరు చివరలో ఆయన భార్యతో కలిసి భారతదేశానికి వచ్చాడు. ఢిల్లీలో నెహ్రూగారిని కలిశాడు. బొంబాయి, కలకత్తాలతో పాటు మన హైదరాబాదుకూ వచ్చాడు. అదే హైదరాబాదులో చదువుకున్న రాకేశ్ శర్మ 1971 యుద్ధంలో మిగ్ విమానం నడిపి, గగారిన్ పేరుమీద ఉన్న శిక్షణ కేంద్రంలో తయారై, 1984లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి భారతీయుడయ్యాడు.

1967 ఏప్రిల్ 23న గగారిన్ మిత్రుడు కొమరోవ్ సోయజ్-1 నౌకలో బయలుదేరాడు. ఆయన వెళ్ళలేకపోతే వెళ్ళవలసిన మనిషి గగారినే. మరునాడు దిగేటప్పుడు పారాచూట్ తెరుచుకోక, కొమరోవ్ నేలకు గుద్దుకుని చనిపోయాడు. దేశానికి గుర్తుగా మారిన గగారిన్‌ను పోగొట్టుకోలేమని ఆయన్ని మళ్ళీ అంతరిక్షంలోకి పోనివ్వలేదు. విమానాలైనా నడపనివ్వమని ఆయన పట్టుబట్టాడు.

1968 మార్చి 27న మళ్ళీ ఒంటరిగా ఎగిరే అనుమతి కోసం ఒక శిక్షణ ప్రయాణం. విమానం మిగ్-15. పక్కన శిక్షకుడు వ్లదీమిర్ సెర్యోగిన్, యుద్ధంలో నూటికి పైగా దాడులలో పాల్గొన్న వీరుడు. విమానం లేచిన కొద్దిసేపటికే మాట ఆగిపోయింది. అడవిలో కూలి ఇద్దరూ చనిపోయారు. గగారిన్‌కు 34 ఏళ్ళు. ఏడేళ్ళ వయసులో యుద్ధ పైలట్ల పక్కన రాత్రంతా మేలుకున్న పిల్లవాడు, చివరి ప్రయాణం కూడా ఒక యుద్ధ పైలట్ పక్కనే చేశాడు. ఇద్దరి చితాభస్మాన్నీ మాస్కోలో క్రెమ్లిన్ గోడలో ఉంచారు. ఏడేళ్ళ క్రితం రాసిన ఆ ఉత్తరం అప్పుడు వలెంతీనా చేతికి అందింది.

ఇక ఆ మాట సంగతి

గగారిన్ నౌకలోనుంచి రేడియోలో మాట్లాడిన మాటలన్నీ రాతలో ఉన్నాయి. తిరిగి వచ్చాక ఇచ్చిన నివేదికా ఉంది. దేవుడు కనబడలేదన్న మాట వాటిలో ఎక్కడా లేదు. గగారిన్ పైకి వెళ్ళి వచ్చినా దేవుణ్ణి చూడలేదని తన పార్టీవారి ముందు ప్రసంగంలో చెప్పినవాడు అప్పటి నాయకుడు క్రుశ్చేవ్. అలాంటి మాటను స్వయంగా అన్న వ్యోమగామి కూడా ఉన్నాడు. ఆయన రెండవవాడైన గెర్మన్ తితోవ్, 1962లో అమెరికాలోని సియాటిల్ నగరంలో. ఎవరో అన్నది, ఇంకెవరో అంటగట్టినది కలిసిపోయి, అందరికీ తెలిసిన ముఖం మీద అతుక్కున్నాయి.

పైగా గగారిన్ చేసినది వేరు. మాస్కోలో రక్షకుడైన క్రీస్తు పేరుమీద ఉన్న పెద్ద దేవాలయాన్ని సోవియట్ ప్రభుత్వం 1931లో పేల్చివేసింది. 1965లో యువజన కమ్యూనిస్టు సంఘం సమావేశంలో గగారిన్ లేచి, పూర్వుల జ్ఞాపకాలను అలా నాశనం చేయటం తప్పని ఆ దేవాలయం పేరెత్తి మరీ చెప్పాడు. ఆ రోజుల్లో, ఆ సభలో ఆ మాట చెప్పటానికి కూడా ధైర్యం కావాలి. ఆ దేవాలయాన్ని తిరిగి కట్టి 2000లో ప్రతిష్ఠించారు.

అయితే ఇక్కడ మరొక గోతిలో పడకండి. ఆయన శైశవంలో జ్ఞానస్నానం పొందాడని ఒక మిత్రుడు చెప్పాడు కదా అని, గగారిన్‌ను రహస్య భక్తుడిగా చేసి రేపటినుంచి ఆ కథ చెప్పుకోవటం మొదలుపెడితే, అదీ అబద్ధ సాక్ష్యమే. ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు. ఆ హృదయంలో ఉన్నది ఆ హృదయాన్ని చేసినవానికి తెలుసు. అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఎనిమిదవ ఆజ్ఞ. ఆ ఆజ్ఞ బ్రతికినవాళ్ళకే పరిమితమని ఎక్కడా లేదు. మన వైపువాడు కాని మనిషికి అది వర్తించదనీ లేదు. చనిపోయినవాడు లేచి వచ్చి కాదని చెప్పలేడు గనుక, ఆయన పేరును మనం మరింత జాగ్రత్తగా ముట్టుకోవాలి.

ఆ హాస్యం కూడా తప్పే. తలుపు తీస్తే దేవుడు కనబడతాడని నేను చెప్పినప్పుడు, దేవుణ్ణి 327 కిలోమీటర్ల ఎత్తున ఎక్కడో కూర్చున్న వస్తువుగా నేనే చేశాను. క్రుశ్చేవ్ చేసినదీ అదే. దేవుడు అలా కిటికీలోనుంచి కనబడేవాడైతే ఆయన దేవుడే కాడు. సత్యాన్ని కాపాడటానికి అబద్ధం అవసరమనుకోవటం విశ్వాసం కాదు, విశ్వాసం లేకపోవటం. ఈనాడు మన ఇళ్ళలో ప్రతి సెల్‌ఫోనుకూ రోజూ ఇలాంటి కథలు ఎన్ని వస్తున్నాయి! మన వేదానికి అనుకూలంగా ఉందని, ఎదుటివాడి నోరు మూయిస్తుందని, చదివీ చదవకముందే పదిమందికి పంపుతున్నాం. పంపే ముందు ఆ మాష్టారు నన్నడిగిన ప్రశ్నను మిమ్మల్ని మీరు ఒక్కసారి వేసుకోండి.

చివరగా ఒక్క సంగతి. 1969 జులైలో అమెరికావారు చంద్రుని మీద దిగారు. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ ఇద్దరూ కొరియా యుద్ధంలో పోరాడిన పైలట్లు. ఆల్డ్రిన్ ఆ యుద్ధంలో రెండు మిగ్-15 విమానాలను కూల్చినవాడు. చంద్రుని మీద దిగాక మౌనంగా ప్రభుభోజనం పుచ్చుకున్న ప్రెస్బిటేరియన్ విశ్వాసి. ఆ మనిషే తిరిగి వచ్చే ముందు ఒక చిన్న సంచిని చంద్రుని నేలమీద వదిలాడు. అందులో అపోలో మంటల్లో కాలిపోయిన ముగ్గురి జ్ఞాపకచిహ్నంతో పాటు, గగారిన్, కొమరోవ్‌ల పతకాలు ఉన్నాయి. వాళ్ళు దేవుణ్ణి నమ్మారా లేదా అని ఆయన అడగలేదు. శత్రుదేశం వాళ్ళు కదా అని వెనుకాడలేదు. ఒక ధైర్యవంతుడు మరొక ధైర్యవంతుణ్ణి గుర్తుపట్టాడు, అంతే.

మా మాష్టారికి ఈ సంగతులన్నీ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన నవ్వి, అయితే వచ్చే ఆదివారం ప్రసంగంలో చెప్పండి ఫాదర్ అన్నారు. చెప్పాను. ఎవరూ నవ్వలేదు. పూజ తరువాత సత్యోపదేశం పిల్లవాడొకడు వచ్చి, ఆ రెండవ విమానం పైలట్ పేరేమిటని అడిగాడు. పడినవాడి కోసం కిందికి దిగిన ఆ మనిషి పేరు. నేనింకా వెతుకుతున్నాను. దొరకకపోయినా ఫరవాలేదు. దేవుని దగ్గర ఆ పేరు ఉంటుంది.

సత్యస్వరూపుడైన దేవుడు మిమ్మల్నీ మీ కుటుంబాలనూ దీవించునుగాక.